డాక్టరు టార్నియర్

పారిస్ నగరమందలి జంతుప్రదర్శనశాలలో కోడిగ్రుడ్లను పొదుగు పెట్టె యొకటి యుండెను. తల్లికోడి లేకయే అందు పిల్లలు వెలువడుట చూచి జనులు వినోదించుచుండిరి. 1878వ సంవత్సరమున దాని యెదుట నిలిచిన ఒక వైద్యుని మనస్సు మాత్రము, తన వైద్యశాలలో చల్లబడి కన్నుమూయుచున్న పసికందులపైకి పోయెను. ఆయనయే స్టెఫాన్ టార్నియర్.

టార్నియర్ 1828లో ఫ్రాన్సు దేశమున డిజాన్ పట్టణ ప్రాంతమందలి ఒక పల్లెలో జన్మించెను. తండ్రి పల్లెటూరి వైద్యుడు. కుమారుడు పారిస్‌లో విద్య ముగించి, మెటర్నిటే అను ప్రసూతి వైద్యశాలలో పనిచేసెను. అచటికి కాన్పునకు వచ్చువారిలో పెక్కురు నిరుపేదలు. సూతికాజ్వరముచే వారిలో అనేకులు మరణించుచుండిరి. అది యొకరినుండి మరొకరికి అంటుకొను వ్యాధియని 1857లో ఆయన వాదించెను. పదియేండ్లకు ఆ వైద్యశాలకు తానే ముఖ్యవైద్యుడై, జ్వరపీడితులను వేరుగా నుంచి, శుచిత్వమును కఠినముగా అమలుజరిపెను. తల్లుల మరణములు తగ్గెను.

కాని నెలలు నిండక పుట్టిన బిడ్డలు దక్కుట అరుదుగనే యుండెను. అట్టి శిశువు చర్మము క్రింద క్రొవ్వు మిక్కిలి తక్కువ. తన వేడిని తాను నిలుపుకొనలేదు. ఎండకు పేరుపడిన మన కర్నూలు, కడప సీమలలో సైతము, మనకు హాయిగా తోచు గాలి వానికి ప్రాణాంతకమైన చలిగాలియే.

టార్నియర్ కోరికపై, కోళ్లపెట్టెను చేసిన ఓడిల్ మార్టిన్ శిశువులకును ఒక పెట్టె నిర్మించెను. క్రింది అరలో వేడినీరు, పై అరలో శిశువులు, రెండు గోడల నడుమ రంపపుపొట్టు. కొలదికాలమునకు అది మరింత సులభమయ్యెను: వేడినీటి సీసాలను కొన్ని గంటలకొకసారి మార్చుచుండిన చాలును. నీరు కాచు పొయ్యియు, నిద్రమాని కనిపెట్టుకొను దాదియు ఉన్నచోట నెల్ల అది పనిచేయును. పాలు చీకలేని శిశువులకు సన్నని రబ్బరు గొట్టముద్వారా పాలు పట్టించిరి. రెండు కిలోలకు తక్కువ తూగు బిడ్డలలో నూటికి 66 మంది మరణించుచుండగా, ఆ సంఖ్య 38కి దిగెను.

అయినను అందొక లోపము మిగిలెను. పెట్టెలోని బిడ్డకు తల్లి దూరమయ్యెను. కొందరు తల్లులకు పాలు ఇంకిపోయెను, బిడ్డపై మమకారమును సన్నగిల్లెను. శిష్యుడగు పియర్ బుడిన్ దీనిని గ్రహించి తల్లులను తిరిగి బిడ్డలచెంతకు పిలిపించెను. టార్నియర్ 1897లో మరణించెను.

ఆయన కోళ్లపెట్టెను చూచిన నూరేండ్లకు, 1978లో, కొలంబియా దేశపు బొగొటా నగరమున పెట్టెలు చాలని యొక వైద్యశాలలో, డాక్టరు ఎడ్గర్ రే బిడ్డలను తల్లుల రొమ్ములపైననే ఉంచి కాపాడ నారంభించెను. నేడు కర్నూలు, కడప ప్రభుత్వ వైద్యశాలల శిశువిభాగములలో వెచ్చదనమిచ్చు విద్యుత్పరికరములును కలవు. పైటకొంగు క్రింద పిడికెడంత బిడ్డను రొమ్మున కదుముకొని గంటలకొలది కూర్చుండు తల్లులును కలరు.