పోడు దగ్గర పాఠం నేర్చిన ప్రొఫెసర్

మా హాస్టల్లో గ్రూప్స్‌కు చదివే సీనియర్ అన్నల గైడుల్లో హైమన్‌డార్ఫ్ పేరు ఒక బిట్టుగా వస్తుంది. కొమురం భీం పోరాటం తర్వాత గోండుల స్థితిగతులను అధ్యయనం చేసిన శాస్త్రవేత్త ఎవరని అడుగుతారు. టిక్కు పెట్టి ముందుకు పోతాం. ఆయన ఆదిలాబాదుకు సంబంధించిన మనిషి, మనకేమీ కాడని మేమూ అనుకునేవాళ్ళం. గోండుల దగ్గర స్థిరపడక ముందే ఆయన మన పాల్వంచ అడవులు దాటి గోదావరి ఒడ్డున కొండరెడ్ల మధ్య మకాం వేశారని తెలిసింది ఈ మధ్యనే. అందుకే ఈ సంచికకు ఆయన జీవితం రాద్దామనుకున్నాం. మాలో ఎస్సీ పిల్లలున్నారు, కోయలున్నారు, ఇద్దరు ముగ్గురు కొండరెడ్లూ ఉన్నారు. అందరి ఇళ్ళలోనూ బతుకుతెరువు వ్యవసాయమే.

క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909 జూన్ 22న ఆస్ట్రియా రాజధాని వియన్నాలో పుట్టారు. కలిగిన కుటుంబం. వియన్నా విశ్వవిద్యాలయంలో చదివి 1931లో డాక్టరేట్ పొందారు. ఆ పరిశోధన అస్సాం, బర్మా కొండజాతుల మీద. అప్పటికి ఆయన ఆ కొండలు చూడనే లేదు, గ్రంథాలయంలో కూర్చుని రాశారు! తర్వాత లండన్ వెళ్ళి మాలినోవ్‌స్కీ అనే ఆచార్యుని దగ్గర చేరారు. ఏ జనం గురించి రాయాలన్నా ముందు వాళ్ళ మధ్య ఉండాలి, వాళ్ళ భాష నేర్వాలి అన్నది అక్కడి పద్ధతి. ఆ ప్రకారమే 1936, 37 సంవత్సరాల్లో నాగా కొండల్లో ఉండి వచ్చారు. 1938లో ఎలిజబెత్ బర్నార్డోను పెళ్ళి చేసుకున్నారు. అందరూ ఆమెను బెట్టీ అనేవారు.

1939లో దంపతులిద్దరూ మళ్ళీ ఇండియాకు వచ్చేసరికి రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. అంతకు ముందు ఏడాదే హిట్లర్ ఆస్ట్రియాను జర్మనీలో కలిపేసుకోవడంతో ఈయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్ వారి లెక్కలో శత్రుదేశస్థుడు. జైలుకు పంపకుండా నిజాం రాజ్యం సరిహద్దుల్లోనే ఉండమన్నారు. అలా దొరికిన ఖైదీయే మన అడవులకు పరిశోధకుడయ్యాడు. 1940లో అమ్రాబాద్ వైపు నల్లమలలో చెంచుల దగ్గర ఉన్నారు. 1941లో మన వైపు వచ్చారు.

అప్పటికి ఖమ్మం జిల్లా లేదు. గోదావరి కుడి ఒడ్డు నిజాం ఏలుబడిలో వరంగల్ జిల్లా పాల్వంచ తాలూకా. ఎడమ ఒడ్డు భద్రాచలం మద్రాసు రాష్ట్రపు తూర్పు గోదావరి. (ఖమ్మం జిల్లా 1953లో ఏర్పడింది, భద్రాచలం డివిజన్ 1959లో వచ్చి కలిసింది.) కొండరెడ్లు మాత్రం నదికి రెండు వైపులా ఉన్నారు. ఆయన వాళ్ళమీద రాసిన పుస్తకం 1945లో ఇంగ్లీషులో వెలువడింది. అందులో ఆయన బైసన్ కొండలని పిలిచినవి మన పాపికొండలే.

ఆ పుస్తకంలో మమ్మల్ని ఆపిన సంగతి పోడు. పోడు అనగానే చదువుకున్న వాళ్ళు సైతం అడవి తగలబెట్టే పని అనేస్తారు. మేమూ సైన్సు పరీక్షలో అలాగే రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఆయన ఆ మాట అనే ముందు పోడు దగ్గరకు వెళ్ళి చూశారు. శీతాకాలం చివర చెట్లు నరికి ఎండబెడతారు. ఎండాకాలంలో కాలుస్తారు. తొలకరికి ఆ బూడిదలో విత్తుతారు. నాగలి ఉండదు. చిన్న గింజలైతే చల్లుతారు, జొన్న వంటి వాటికి మొన చెక్కిన కర్రతో గుంట పొడిచి వేస్తారు. ఒకే చెలకలో జొన్న, సామ, కొర్ర, చోళ్ళు, కంది, చిక్కుడు, గుమ్మడి కలిపి వేస్తారు. ఒకటి కోతకొచ్చాక మరొకటి వస్తుంది కనుక ఒక వాన తప్పినా ఇల్లు పూర్తిగా పస్తు ఉండదు. రెండు మూడేళ్ళు పండించి ఆ నేలను అడవికి వదిలేస్తారు. చెట్లు మళ్ళీ ఎదిగాకే తిరిగి వస్తారు. ఆ నిటారు వాలులో నాగలి కడితే మన్ను మొదటి వానకే వాగులో పడుతుంది. ఈ లెక్క కొండరెడ్లకు ఎవరూ నేర్పలేదు. గింజలు అయిపోయిన నెలల్లో జీలుగు కల్లు, మామిడి టెంకల అంబలి, అడవి దుంపలు ప్రాణం నిలిపేవి.

ఆకలి ఉన్నదని కూడా ఆయన దాచలేదు. అడవిని రిజర్వు చేస్తూ గీత గీసుకుంటూ వచ్చేసరికి పోడుకు నేల తగ్గింది. నేల తగ్గితే వదిలిన చోటికి త్వరగా తిరిగి రావాలి, అప్పుడు నేలా చెడుతుంది, చెట్టూ చెడుతుంది. నది ఒడ్డు ఊళ్ళవాళ్ళు వెదురు కూపుల్లో కూలికి పోయారు. నరికిన వెదురు తెప్పలు కట్టి గోదావరి మీద రాజమండ్రి చేర్చేవారు. లాభం షావుకారుది, అప్పు రెడ్డిది. ఖాతా పుస్తకం షావుకారు చేతిలో, చదవడం రాని చేతులు ఇవతల. ఆ అప్పు తండ్రి నుంచి కొడుక్కు వచ్చేది. ఈ సంగతులన్నీ ఆయన నిజాం సర్కారుకు నివేదికగా ఇచ్చారు. పోడును ఒక్కసారిగా నిషేధించవద్దని, షావుకార్ల పట్టు వదిలించాలని ఆయన వాదన. 1922 నుంచి 24 దాకా అల్లూరి సీతారామరాజు వెంట మన్యం లేచింది కూడా పోడు మీద ఆంక్షలు, వెట్టి భరించలేకనే కదా.

ఒక మాట ఒప్పుకోవాలి. ఆయన నిజాం సర్కారు పంపిన మనిషి. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీంను కాల్చి చంపింది ఆ సర్కారు పోలీసులే. ఆ తర్వాతనే గోండులకు ఏం కావాలో తెలుసుకొమ్మని ఈయనను పంపారు. మాలో కొందరికి ఇది మింగుడు పడలేదు, హాస్టల్ వరండాలో రాత్రి దాకా వాదించుకున్నాం. భీం ప్రాణం పోకపోతే ఆయన నివేదిక ఎవరూ చదివేవారు కాదన్నది మాలో ఎక్కువ మంది అభిప్రాయం.

అయితే ఆయన నివేదిక రాసి ఊరుకోలేదు. 1943లో ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం పెట్టించారు. బయటి పంతుళ్ళు అడవిలో నిలవరు, నిలిచినా పిల్లల భాష రాదు. కాబట్టి గోండులనే పంతుళ్ళను చేయాలనుకున్నారు. అక్షరం రాని పెద్దవాళ్ళను కూడా తీసుకున్నారు. వాచకాలు గోండి భాషలో, దేవనాగరి లిపిలో తయారయ్యాయి. అక్కడ చదివినవారిలో కొందరు పంతుళ్ళయ్యారు, కొందరు పట్వారీలు, గుమాస్తాలు అయ్యారు. ఖాతా చదవగలిగిన గోండు, పహాణీ రాయగలిగిన గోండు అప్పుడు పుట్టాడు. భూమి కూడా దక్కింది. 1949 నాటికి ఆ జిల్లాలో 11,000 మందికి పైగా గిరిజన రైతులకు సుమారు 1,60,000 ఎకరాలకు పట్టాలిచ్చారు. సేతుమాధవరావు పగడి వంటి అధికారులు గోండి నేర్చుకుని మరీ ఆ పని చేశారు. 1945 నుంచి 1949 దాకా హైమన్‌డార్ఫ్ గిరిజన, వెనుకబడిన తరగతుల విషయాల్లో నిజాం ప్రభుత్వానికి సలహాదారు. ఉస్మానియాలో ఆచార్యుడు కూడా. ఇవాళ మనలాంటి హాస్టళ్ళు నడిపే శాఖల వెనుక ఇటువంటి పాత ప్రయత్నాలున్నాయి.

1949లో లండన్ వెళ్ళి అక్కడి ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయనాల విద్యాలయంలో 1976 దాకా పనిచేశారు. 1953లో నేపాల్ వెళ్ళి షెర్పాలను అధ్యయనం చేసి చాలా పేరు పొందారు. ఆ కథ వేరు.

మనకు కావలసింది ఆయన తిరిగి రావడం. 1970ల చివర్లో పాత ఊళ్ళన్నీ మళ్ళీ తిరిగారు. పట్టాలిప్పించిన భూములు చాలాచోట్ల గిరిజనేతరుల చేతుల్లో కనిపించాయి. రోడ్లు వచ్చాయి, రోడ్ల వెంట వలస వచ్చింది, పాత అధికారులు లేరు. మన ఖమ్మం జిల్లాలో కోయల భూములకూ అదే గతి పట్టిందని చూశారు. 1970లో వచ్చిన 1/70 చట్టం కాగితం మీద గట్టిదే. డెబ్బై ఏళ్ళ వయసులో తన పనే చెదిరిపోయిందని పుస్తకంగా రాయడం తేలిక కాదు. అది 1982లో వెలువడింది. తెలుగులో మనుగడ కోసం పోరాటం పేరుతో వచ్చింది. ఆ పుస్తకం చదివిన తర్వాత మా తాతల భూముల గురించి ఇంట్లో అడిగాం. కొన్ని ఇళ్ళలో జవాబు దొరికింది, కొన్ని ఇళ్ళలో మాట మార్చారు.

బెట్టీ 1987 జనవరి 11న హైదరాబాదులో కన్నుమూస్తే మార్లవాయిలో సమాధి చేశారు. గోండులు ఏటా ఆ రోజున అక్కడ చేరి దంపతులిద్దరినీ తలుచుకుంటారు. ఆయన 1995 జూన్ 11న లండన్‌లో పోయారు. 2012లో ఆయన చితాభస్మాన్ని తెచ్చి ఆమె పక్కనే ఉంచారు.

ఆయన తిరిగిన కొండరెడ్ల ఊళ్ళున్న వేలేరుపాడు మండలం 2014లో ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళింది. ఆ ఊళ్ళలో చాలా వాటికి పోలవరం ముంపు. ఊరితో పాటు చెలక పోతుంది, చెలకతో పాటు విత్తనం పోతుంది. చోళ్ళు, సామలు, కొర్రలు తింటే నాగరికం కాదన్న కాలం ఒకటి నడిచింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక పట్నం షాపుల్లో వాటి ధర చూసి మా అమ్మలు నవ్వారు. అశ్వారావుపేట వ్యవసాయ కళాశాలలో సీటు తెచ్చుకున్న మా సీనియర్ అన్న ఒకరు పోయిన సెలవుల్లో వచ్చినప్పుడు, మీ ఇళ్ళలో ఏ గింజ ఎప్పుడు వేస్తారు, ఎలా దాస్తారు, ఏ పురుగు పడుతుంది, ఇవి రాసుకురమ్మని మాకు పని చెప్పారు. రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి కొన్నాం. మొదట రాసింది కొండరెడ్ల తమ్ముడు, వాళ్ళ అవ్వ దగ్గర కూర్చుని. సామల్లోనే ఎన్ని రకాలున్నాయో ఆమె వేళ్ళమీద లెక్కపెడితే వీడి పెన్ను అందుకోలేకపోయిందట. ఆ పేర్లలో కొన్నిటికి తెలుగులో ఎలా రాయాలో మాకు ఇంకా తేలలేదు, విన్నట్టే రాసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టాం. నోటుబుక్కు లైబ్రరీ బీరువాలో రెండో అరలో ఉంది. సంక్రాంతికి ఇంటికి వెళ్ళే వాళ్ళు పట్టుకెళ్ళి, తిరిగి వచ్చేటప్పుడు తెచ్చి అక్కడే పెట్టాలి. పూర్వ విద్యార్థులకు కూడా పేజీలు ఖాళీగా ఉన్నాయి.