రుద్రమ ఎవరి దగ్గర దాచింది?

వండర్ ఉమన్‌కి డయానా ప్రిన్స్ అని ఇంకో పేరు ఉంటది. మామూలు మనిషిలా నలుగురిలో తిరగడానికి ఆ పేరు. మన రుద్రమది ఉల్టా. గద్దె మీద కూర్చున్నప్పుడే ఆమెకు రెండో పేరు: రుద్రదేవ మహారాజు.

కాకతీయ గణపతిదేవుడికి కొడుకులు లేరు. ఇంకో కూతురు గణపాంబ కోట వంశపు బేతరాజును పెళ్లి చేసుకుని ధరణికోట వెళ్లింది. రుద్రమకు నిడదవోలు చాళుక్య వీరభద్రుడితో పెళ్లి చేసినా, ఓరుగల్లు మాత్రం ఆమెకే అప్పగించాడు తండ్రి. 1260 ప్రాంతంలో ఇద్దరూ కలిసి పాలించారు, తర్వాత ఆమె ఒక్కతే.

2015లో వచ్చిన సినిమా చూసి, ఆమె ఆడపిల్ల అన్న సంగతి ఏళ్ల తరబడి ఎవరికీ తెలియదనే నేనూ నమ్మిన. కానీ నిడదవోలు నుంచి పెళ్లికొడుకును తెచ్చి పెళ్లి చేశాక ఇంకేం దాస్తారు? 1261 నాటి మల్కాపురం శాసనం ఆమెను రుద్రదేవి అనే చెప్తది. రాజ్యం మొదట్లోనే రాయి మీద చెక్కిన సంగతి సీక్రెట్ ఎట్లైతది? మోటుపల్లి గురించి రాసిన మార్కోపోలోకి కూడా ఇక్కడ ఏలేది రాణి అని తెలుసు. కాకపోతే ఆమెను రాజుగారి భార్య అనుకున్నాడు, కూతురని తెలియలేదు పాపం.

మరి మగ పేరెందుకు? శాసనాల్లో పొగిడే మాటలు, బిరుదులు అన్నీ రాజు కోసం తయారైనవే. మా సీఎస్ఈ భాషలో చెప్పాలంటే అది ఫేక్ ఐడీ కాదు, అడ్మిన్ రోల్. ఆ పేరుతో లాగిన్ అయితేనే సామంతులు మాట వింటారు. అందరూ వినలేదనుకోండి, అది వేరే సంగతి. దేవగిరి యాదవ మహాదేవుడు దండెత్తి వచ్చినప్పుడు మాత్రం పేరు పనిచేయదు, కత్తి పట్టాల్సిందే. ఆమె అతన్ని తరిమికొట్టింది. రాయగజకేసరి అని ఆమె బిరుదు. ఓరుగల్లు కోటలో దొరికిన మండప శిల్పాల్లో సింహం మీద కత్తి, డాలు పట్టుకున్న మనిషి కనిపిస్తుంది. ఆ శిల్పంలో ఉన్నది స్త్రీయే.

చివరికి కాయస్థ అంబదేవుడు తిరగబడ్డాడు. ఆ యుద్ధంలోనే చనిపోయిందని చరిత్రకారులు అంటారు. మన నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్లలో 1289 నవంబర్ 27 నాటి శాసనం ఉంది. రాణి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వాళ్ల పుణ్యం కోసం సోమనాథుడికి భూమి ఇస్తున్నానని పువ్వుల ముమ్మడి అనే ఆయన వేయించాడు. ఆయన రాజు కాదు, కవి కాదు, ఆ సేనాని దగ్గర పనిచేసిన బంటు. ఆ రాయి మీద రుద్రదేవ మహారాజు అని లేదు. రుద్రమదేవి అనే ఉంది.