బ్యాంకు కార్యదర్శి, బోదురుకప్ప కథ

కెన్నెత్ గ్రాహమ్ 1859లో ఎడింబరోలో జన్మించెను. అయిదవ యేట తల్లి గతించినది. మద్యమునకు లోబడిన తండ్రి బిడ్డలను అమ్మమ్మ పంచన జేర్చెను. ఆక్స్‌ఫర్డులో చదువవలెనన్న కోరికకు తండ్రి సోదరుడు ధనమీయడయ్యెను. విధిలేక 1879లో ఇంగ్లండు బ్యాంకులో గుమాస్తాగా చేరి, 1898లో కార్యదర్శి పదవి నందుకొనెను.

1900లో పుట్టిన ఏకైక కుమారుడు అలస్టెయిర్‌కు ఒక కన్ను పుట్టుకతోనే కానరాదు. రెండవదానికిని చూపు మందము. రాత్రివేళ ఆ బాలునికి తండ్రి నీటియెలుక, బోదురుకప్పల కథలు చెప్పుచుండెను. 1907లో కుమారుడు దూరముగా నున్నప్పుడు ఆ కథలనే జాబులుగా వ్రాసి పంపెను. ఇంటి ఉపాధ్యాయిని భద్రపరచకున్నచో అవి లోకమునకు దక్కెడివి కావేమో! 1908లో వెలువడిన 'ది విండ్ ఇన్ ది విల్లోస్' గ్రంథమునకు అవియే మూలము. ఆ యేడే ఆయన ఉద్యోగము విడిచెను.

తాను నోచుకొనని ఆక్స్‌ఫర్డు విద్య కుమారునికైనను దక్కవలెనని ఆయన ఆశించెను. ఆ ప్రేమలో బిడ్డ అశక్తతను గుర్తింపజాలకపోయెననుట కఠినమే గాని అసత్యము గాదు. అచట చదువుచుండగనే, 1920 మే నెలలో, ఇరువదియేండ్లు నిండుటకు ముందే అలస్టెయిర్ రైలుపట్టాలపై మరణించెను. విచారణలో ప్రమాదమనిరి, జీవితచరిత్రకారులు పలువురు ఆత్మహత్యయే యని తలచిరి. అటుపిమ్మట గ్రాహమ్ వ్రాసినది స్వల్పము. 1932లో ఆయనయు గతించెను. ఆయన సమాధి ఆక్స్‌ఫర్డులో, కుమారుని చెంతనే కలదు.