డాక్టరు జార్జి పాపనికొలావు

గ్రీసు దేశమున యుబోయియా ద్వీపమందలి కిమి అను రేవుపట్టణమున 1883 మే 13వ తేదీన జార్జి పాపనికొలావు జన్మించెను. తండ్రి వైద్యుడు, ఆ పట్టణమునకు పురాధ్యక్షుడుగ కూడ నుండెను. కుమారుడును 1904లో ఏథెన్సు విశ్వవిద్యాలయమున వైద్యపట్టమును పొందెను గాని, నాడి చూచి మందిచ్చు వృత్తియందు అతని మనస్సు నిలువలేదు. జర్మనీకేగి మ్యూనిక్ నగరమున జంతుశాస్త్రము నభ్యసించి 1910లో డాక్టరు బిరుదమును గైకొనెను. ఆ యేటనే ఆండ్రోమాకీ అను కన్యను వివాహమాడెను. మేరీ యని పిలువబడిన ఆ యిల్లాలిని విడిచి ఈయన చరిత్రను చెప్ప వీలులేదు.

బాల్కను యుద్ధమున సైన్యవైద్యుడుగ పనిచేసిన పిదప, 1913లో దంపతులు న్యూయార్కు చేరిరి. చేతి సొమ్ము స్వల్పము, ఆంగ్లభాష రాదు. రెండు పట్టములు గల పండితుడు అంగడిలో తివాచీలమ్మెను, భోజనశాలలలో ఫిడేలు వాయించెను. ఆమె బొత్తాములు కుట్టెను. మరుసటి యేట కార్నెల్ వైద్యకళాశాలలో ఆయనకు పని దొరికెను. మేరీ జీతము లేకయే ప్రయోగశాలలో సహాయురాలయ్యెను.

అచ్చట ఆయనకు గినీపందుల అండములు సరియైన సమయమున కావలసివచ్చెను. ఆ సమయము పైకి తెలియదు గనుక జంతువులు వృథాగా చచ్చుచుండెడివి. యోనిస్రావమును కొంచెము తీసి గాజుపలకపై పూసి సూక్ష్మదర్శినిలో చూడగా, ఋతుక్రమమును బట్టి జీవకణముల రూపము మారుచుండుట కనబడెను. 1917లో ఈ సంగతి ప్రకటితమయ్యెను. స్త్రీలయందును అట్లే యుండునా? పరీక్షకు మొదట ఒప్పుకొన్నది భార్యయే. ఏండ్ల తరబడి ఆమె ఈ పరీక్షకు లోనయ్యెను. దినచిట్టా తప్పక వ్రాసినవానికే ఆవర్జాలోని తేడా పట్టుబడును. ఆరోగ్యవంతురాలి కణములను ఇన్నినాళ్లు చూచిన కన్నుగనుకనే, రోగిణి పూతలో క్యాన్సరు కణము కనబడగానే గుర్తింపగలిగెను.

1928లో అమెరికాలోని బాటిల్ క్రీక్ పట్టణమున జరిగిన సభలో ఈ విషయమును విన్నవించెను. ఎవరును లక్ష్యపెట్టలేదు. కండ ముక్కను కోసి చూచు పద్ధతి యుండగా రాలిన కణములతో పనియేమని నిపుణుల తలంపు. ఆ పద్ధతి నిశ్చయమైనదే. కాని పుండు కంటికి కనబడిన తరువాత గదా కోయుట! అంతకు ముందటి యేడే రుమేనియాలో ఆరెల్ బాబెష్ అను వైద్యుడును స్వతంత్రముగ ఇట్టి పరీక్షను ప్రకటించెను. అదియును మూలబడెను.

పదేండ్లకు పైగా పాపనికొలావు ఈ వాదమును ప్రక్కనబెట్టి తన పలకలను చూచుకొనుచుండెను. 1939 నుండి స్త్రీవ్యాధుల వైద్యుడగు హెర్బర్టు ట్రౌట్ తోడుకాగా, న్యూయార్కు ఆసుపత్రిలో స్త్రీవ్యాధుల శాఖకు వచ్చిన స్త్రీలకెల్ల పరీక్ష జరుపబడెను. బాధయు, పుండును లేనివారియందు సైతము గర్భాశయముఖమున వ్యాధి బయటపడెను. 1941లో వ్యాసము, 1943లో గ్రంథము వెలువడెను. ఈ వ్యాధి కణము చెడుట మొదలు ముదురువరకు సాధారణముగ పదేండ్లకు మించి పట్టును. ఆ వ్యవధియే ఈ పరీక్షకు బలము.

1962 ఫిబ్రవరి 19న మయామీలో గుండెపోటుతో ఆయన పరమపదించెను. పరీక్ష ఫలము లెక్కలలో తేలినది ఆ తరువాతనే. 1965 మొదలు 1982 వరకు గర్భాశయముఖ క్యాన్సరు మరణములు, స్త్రీలనందరిని క్రమముగ పిలిచి చూచిన ఐస్లాండులో 80 శాతము తగ్గెను. ఆ యేర్పాటు దేశమంతట లేని నార్వేలో 10 శాతమే. పలకను చదువ నేర్పరులును, మరల మరల పిలుచు పద్ధతియు లేనిచోట ఈ పరీక్ష సాగుట కష్టము. నేడు ధారాశివ మనబడు మహారాష్ట్ర జిల్లా గ్రామములలో లక్షకు పైబడిన స్త్రీలపై జరిగిన పరిశోధన 2009లో వెలువడెను. వ్యాధికి మూలమగు వైరసును వెదకు పరీక్ష ఒక్కసారి చేసినంతనే ఆ వర్గమున మరణములు సుమారు సగము తగ్గెను. పూతపరీక్ష వలన అచ్చట అంత ఫలము కనబడలేదు.

దంపతులకు సంతానము లేదు. మేరీ 1982 వరకు జీవించెను.