పాతికేళ్ళ గళం – టుపాక్ షకూర్

మనిషి ఆయుష్షుకూ, అతని మాట ఆయుష్షుకూ పొంతన ఉండవలసిన నియమమేమీ లేదు. నూరేళ్ళు బ్రతికినవారిని మరుసటి తరమే మరచిపోవచ్చు. పాతికేళ్ళకే కన్నుమూసినవాని పలుకులు ఖండాంతరాలలో మారుమ్రోగవచ్చు. అమెరికాకు చెందిన నల్లజాతి యువకుడు టుపాక్ అమారూ షకూర్ జీవితమే ఇందుకు నిదర్శనం. అతడు కవి, గాయకుడు, నటుడు. ‘ర్యాప్’ అనే కళారూపానికి విశ్వవ్యాప్తమైన గుర్తింపు తెచ్చినవారిలో అగ్రగణ్యుడు. అయితే అతడు వదలివెళ్ళిన వారసత్వంలో ఆదర్శప్రాయమైనదీ ఉంది, ఆక్షేపణీయమైనదీ ఉంది. రెండింటినీ కలిపి పరిశీలించినప్పుడే ఆ జీవితం మనకు ఏదైనా నేర్పగలదు.

ర్యాప్ గురించి ముందుగా రెండు మాటలు చెప్పుకోవాలి. 1970వ దశకంలో న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ ప్రాంతంలో, పేద నల్లజాతి యువకుల మధ్య ఈ కళ రూపుదిద్దుకున్నది. గ్రామఫోను రికార్డులోని తాళభాగాన్ని మరల మరల మ్రోగిస్తూ, ఆ లయకు అనుగుణంగా ప్రాసబద్ధమైన మాటలను వేగంగా పలకడం దీని పద్ధతి. రాగం కంటె లయకూ, గాత్రం కంటె పలుకుకూ ఇందులో ప్రాధాన్యం. ముషాయిరాలో కాఫియా పడగానే సభ ఉప్పొంగే తీరు ఎరిగినవారికి, బుర్రకథలోని ఊపు ఎరిగినవారికి దీని ఆకర్షణ ఇట్టే బోధపడుతుంది.

టుపాక్ 1971 జూన్ 16న న్యూయార్క్‌లోని హార్లెమ్ ప్రాంతంలో జన్మించాడు. తల్లి అఫేనీ షకూర్ నల్లజాతి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీ సభ్యురాలు. బాంబుదాడులకు కుట్ర పన్నారన్న అభియోగంపై 1969లో ఆ పార్టీకి చెందిన 21 మందిపై కేసు పెట్టారు. అఫేనీ న్యాయశాస్త్రం చదివినది కాదు. అయినా న్యాయవాదిని ఆశ్రయించక, తన వాదనను తానే వినిపించింది. కడుపులో బిడ్డతో కారాగారంలో గడిపింది. 1971 మే నెలలో జ్యూరీ ఆమెను, ఆమెతో పాటు విచారణను ఎదుర్కొన్నవారిని నిర్దోషులుగా తేల్చింది. నెల తిరిగేసరికి టుపాక్ పుట్టాడు.

స్పెయిన్ పాలనపై తిరగబడి 1781లో మరణశిక్షకు గురైన పెరూ వీరుడు టుపాక్ అమారు పేరును ఆమె తన కుమారునికి పెట్టుకున్నది. షకూర్ అన్నది అరబ్బీ పదం. కృతజ్ఞత గలవాడని దాని అర్థం. మన కళాశాలలోని ఉర్దూ విద్యార్థులకు ఆ మాట కొత్తది కాదు. ఒక పేరు తిరుగుబాటును, మరొక పేరు కృతజ్ఞతను సూచించడం కాకతాళీయమే కావచ్చు. కాని ఆ రెండు గుణాలూ అతని రచనలలో చివరివరకూ కనిపిస్తాయి.

అతని బాల్యం దారిద్ర్యంలో గడిచింది. తండ్రి అండ లేదు. కుటుంబం తరచుగా ఇళ్ళు మారవలసివచ్చేది. 1980వ దశకం నడుమ వారు బాల్టిమోర్ నగరం చేరారు. అక్కడి కళాపాఠశాలలో టుపాక్ నటన, కవిత్వం, జాజ్ సంగీతం, బాలే నృత్యం అభ్యసించాడు. షేక్స్‌పియర్ నాటకాలలో పాత్రలు ధరించాడు. 1988లో కుటుంబం కాలిఫోర్నియాలోని మారిన్ సిటీకి తరలిపోవడంతో ఆ చదువు మధ్యలోనే ఆగిపోయింది. అంతటి ధీరురాలైన తల్లి మాదకద్రవ్యాలకు బానిస అయింది. ఆ చీకటి రోజులలోనే అతడు ఒక కవితాశిక్షణ వర్గంలో చేరి కవితలు వ్రాయసాగాడు. 1990లో డిజిటల్ అండర్‌గ్రౌండ్ అనే ర్యాప్ బృందంలో సామాను మోసే పనికీ, నృత్యానికీ కుదిరాడు.

1991 నవంబరులో అతని మొదటి పాటల సంపుటి వెలువడింది. పన్నెండేళ్ళ బాలిక తల్లియై, దిక్కుతోచక బిడ్డను చెత్తలో వదలివేసిన వార్తను పత్రికలో చదివి, ‘బ్రెండాస్ గాట్ ఏ బేబీ’ అన్న పాట వ్రాశాడు. ఆ బాలికను దూషించక, ఆమెకు ఆ గతి పట్టించిన ఇంటినీ వాడనూ బోనులో నిలబెట్టాడు. అదే సంపుటిలో పోలీసులపై హింసను చిత్రించిన పాటలూ ఉన్నాయి. 1992లో టెక్సాస్‌లో ఒక పోలీసు అధికారి హత్యకు గురికాగా, నిందితుడు ఆ పాటల ప్రభావానికి లోనయ్యాడని అతని తరఫు న్యాయవాది వాదించాడు. నాటి ఉపాధ్యక్షుడు డాన్ క్వేల్ ఆ సంపుటిని బహిరంగంగా ఖండించాడు. కవి మాటకు కవి ఎంతవరకు బాధ్యుడన్న ప్రశ్న ఆనాడే తలెత్తింది.

అతడు తన కడుపుపై పచ్చబొట్టుగా పొడిపించుకున్న ‘థగ్ లైఫ్’ అన్న మాటలోనూ ఇదే చిక్కు ఉంది. థగ్ అన్న పదం మన దేశానిదే. మనం చరిత్ర పుస్తకాలలో చదివిన థగ్గుల పేరు బ్రిటిషువారి ద్వారా ఆంగ్లంలో చేరి, దుండగులందరికీ బిరుదయింది. సమాజం చీదరించినవారి పేరుగా టుపాక్ దానిని స్వీకరించాడు. పసిపిల్లలలో నాటిన ద్వేషం చివరకు అందరినీ ధ్వంసం చేస్తుందని దానికి భాష్యం చెప్పాడు. భాష్యం లోతైనదే. కాని పచ్చబొట్టును చూచినవారందరూ భాష్యాన్ని వినలేదు.

1993లో ‘కీప్ యా హెడ్ అప్’ అన్న పాటలో అతడు స్త్రీల ఆత్మగౌరవం కోసం గళమెత్తాడు. అదే సంవత్సరం చివర ఒక యువతి ఫిర్యాదుపై లైంగిక అత్యాచారం కేసులో అరెస్టయ్యాడు. 1994 నవంబరు 30న, తీర్పుకు ముందురోజు, న్యూయార్క్‌లోని ఒక స్టూడియోలో దుండగుల తుపాకీ గుండ్లకు గురై బ్రతికి బయటపడ్డాడు. లైంగిక దుష్ప్రవర్తన నేరం రుజువై, 1995 ఫిబ్రవరిలో జైలుశిక్ష పడింది. తాను నిర్దోషినని అతడు చెప్పుకున్నా, తీర్పును దాచి అతని చరిత్ర వ్రాయడం న్యాయం కాదు.

అతడు కారాగారంలో ఉండగానే ‘మీ అగెయిన్‌స్ట్ ది వరల్డ్’ అన్న సంపుటి అమెరికాలో అమ్మకాలలో ప్రథమస్థానం పొందింది. అందులోని ‘డియర్ మామా’ అతని రచనలలో మకుటాయమానం. తల్లి వ్యసనాన్ని దాచకుండానే, ఆమె పడిన కష్టానికి బిడ్డగా మ్రొక్కిన పాట అది. 2010లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దానిని జాతీయ ధ్వనిముద్రణల భాండారంలో చేర్చింది.

1995 అక్టోబరులో 14 లక్షల డాలర్ల జామీనుపై విడుదలై, ఆ సొమ్ము సమకూర్చిన డెత్ రో సంస్థలో చేరాడు. 1996లో ‘ఆల్ ఐజ్ ఆన్ మీ’ అన్న సంపుటితో కీర్తి శిఖరాలందుకున్నాడు. అదే సమయంలో తూర్పు, పశ్చిమ తీరాల ర్యాప్ గాయకుల వైరంలో నిలువునా మునిగిపోయాడు. పూర్వమిత్రుడైన నొటోరియస్ బి.ఐ.జి.ని పాటలో నోటికి వచ్చినట్లు నిందించాడు. 1996 సెప్టెంబరు 7న లాస్ వేగాస్‌లో కారులో వెళ్తుండగా అతనిపై కాల్పులు జరిగాయి. సెప్టెంబరు 13న మరణించాడు. అప్పటికి అతని వయస్సు 25 సంవత్సరాలు. ఆరు నెలలు తిరగకముందే నొటోరియస్ బి.ఐ.జి. కూడ తుపాకీకి బలి అయ్యాడు. టుపాక్ హత్య కేసులో తొలి అరెస్టు జరగడానికి 2023 సెప్టెంబరు వరకు, అంటే 27 సంవత్సరాలు పట్టింది.

మరణానంతరం అతని కీర్తి ఇనుమడించింది. 1997లోనే బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో అతని కవిత్వం పాఠ్యాంశమయింది. 1999లో అతని తొలినాటి కవితలు పుస్తకంగా వచ్చాయి. 2003లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో అతనిపై సదస్సు జరిగింది. 2015లో కెండ్రిక్ లమార్ తన సంపుటి ముగింపులో, టుపాక్ పాత గళాన్నే వినిపిస్తూ అతనితో సంభాషించినట్లు కూర్చాడు. ఆ లమార్‌కే 2018లో పులిట్జర్ బహుమానం లభించింది.

ఈ ఖ్యాతికి మరొక ముఖం కూడ ఉంది. 1990వ దశకం చివర సియెర్రా లియోన్ అంతర్యుద్ధంలో, సామాన్య ప్రజలపై ఘోరాలు జరిపిన తిరుగుబాటుదారులలో కొందరు టుపాక్ బొమ్మ ఉన్న చొక్కాలు ధరించి తిరిగారు. 2009లో వాటికన్ ప్రకటించిన పాటల జాబితాలో, సమాజం మారాలని కోరిన అతని ‘ఛేంజెస్’ పాట చోటు చేసుకున్నది. ఆయుధం పట్టినవారూ, ప్రార్థనామందిరంలోనివారూ ఒకే గళంలో తమకు కావలసినది వెతుక్కున్నారు. ఇద్దరికీ దొరికింది. పలికినవాడు అర్థం చెప్పడానికి మిగిలిలేడు.

మిగిలినది తల్లి. వ్యసనం నుండి బయటపడిన అఫేనీ, కుమారుని మరణం తరువాత 1997లో అతని పేర ఒక సంస్థను స్థాపించి, పిల్లలకు కవిత్వం, నాటకం, నృత్యం నేర్పించింది. 2016లో మరణించేవరకు కుమారుని రచనలను కాపాడింది. పగ తీర్చుకొమ్మని ఆమె ఎవరినీ పురికొల్పలేదు. కుమారుడు విడిచివెళ్ళిన వాటిలో బాల్టిమోర్ కళాపాఠశాల నాటి బాలుని ఆమె ఏరుకున్నది. టుపాక్ పాటలు నేడు మన విద్యార్థుల చెవులకూ చేరుతున్నాయి. వాటిలో ఏది ఏరుకోవాలో తేల్చుకునే పని వినేవారిదే.