మన్రో దొర: కార్తెల లెక్క తెలిసిన కలెక్టర్‌ను తొలకరి గత్తరే తీసుకుపోయింది

అమెరికాలో ఉంటున్న మనవాళ్లు ఏటా మార్చిలో గడియారాన్ని ఒక గంట ముందుకు, నవంబర్‌లో ఒక గంట వెనక్కి తిప్పుకుంటారు. ఆ రెండు మూడు రోజులు నిద్ర సరిపోదు, ఆకలి వేళకు వేయదు. మన దగ్గర గడియారం మారదు. మారేది కార్తె. రోహిణి ఎండల్లో దువ్వూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో రైతు తెల్లారకముందే పొలానికి వెళ్లి, పొద్దు నడినెత్తికి వచ్చేలోపు ఇల్లు చేరతాడు. మృగశిరలో నాలుగు చినుకులు పడితే పని వేళలు మళ్లీ మారతాయి. వాటితో పాటే తిండి, నిద్ర, తాగే నీళ్లు, వచ్చే రోగాలూ మారతాయి.

ఈ సీమలో రుతువుకూ రైతు బతుకుకూ ఉన్న ముడిని దగ్గర నుంచి చూసిన తెల్లదొర ఒకరున్నారు. ఆయనే సర్ థామస్ మన్రో. పంటల లెక్క, వానల లెక్క తెలిసిన ఆ మనిషి ప్రాణం చివరికి ఒక రుతువు మలుపులోనే పోయింది. 1827 జులై 6న, తొలకరి రోజుల్లో, కర్నూలు జిల్లా పత్తికొండ దగ్గర వేసిన గుడారంలో కలరాతో ఆయన కన్నుమూశారు.

గ్లాస్గో నుంచి దత్త మండలాలకు

మన్రో 1761 మే 27న స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో పుట్టారు. తండ్రి వ్యాపారి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం దెబ్బకు ఆ వ్యాపారం కుదేలైంది. దాంతో కొడుకు ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి, 1780 జనవరిలో మద్రాసులో ఓడ దిగారు. చిన్నతనం నుంచే ఆయనకు వినికిడి తక్కువ. అయినా ఇక్కడి భాషలు పట్టుదలగా నేర్చుకున్నారు.

హైదర్ అలీతో, తర్వాత టిప్పు సుల్తాన్‌తో జరిగిన యుద్ధాల్లో పనిచేశారు. 1792 నుంచి బారామహల్‌లో, అంటే నేటి తమిళనాడులోని సేలం, కృష్ణగిరి ప్రాంతంలో, శిస్తు పనిలో కుదిరారు. 1799లో కెనరా వెళ్లారు. 1800లో నిజాం కొన్ని జిల్లాలను కంపెనీకి వదులుకున్నారు. నేటి కడప, అనంతపురం, బళ్లారి జిల్లాలు, కర్నూలులో కొంత భాగం అందులో ఉన్నాయి. అవే దత్త మండలాలు. వాటికి మన్రో మొదటి ప్రధాన కలెక్టర్ అయ్యారు. 1807 దాకా అదే పదవిలో ఉన్నారు. దువ్వూరు నుంచి పులివెందుల దాకా ఉన్న ఊళ్లన్నీ అప్పుడు ఆయన ఏలుబడిలోనివే.

గుడారమే కచేరీ

ఆ ఏడేళ్లలో మన్రో ఎక్కువ కాలం గుడారాల్లోనే గడిపారు. ఊరి నుంచి ఊరికి గుర్రం మీద తిరుగుతూ, రైతులను పిలిపించుకుని నేల గురించి, నీటి గురించి, పంట గురించి అడిగి తెలుసుకునేవారు. ఉదయం లేచింది మొదలు పొద్దుపోయే దాకా గుడారం చుట్టూ జనమే.

అప్పటికే మద్రాసులో కంపెనీ నక్షత్రశాల ఉంది. అక్కడి అధికారులు నక్షత్రాలను చూసి గడియారం సరిచేసుకునేవారు. సీమ పల్లెల్లో మాత్రం కాలం జాముల్లో, గడియల్లో నడిచేది. జాము అంటే 3 గంటలు, గడియ అంటే 24 నిమిషాలు. సంవత్సరాన్ని 27 కార్తెలుగా పంచుకుని, ఏ కార్తెలో దుక్కి, ఏ కార్తెలో విత్తనం అని లెక్క కట్టుకునేవారు. ఎర్ర నేలకు ముంగారు వాన కావాలి. దువ్వూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు నల్లరేగడికి ఆ తర్వాత పడే వానలు ముఖ్యం. ఒకే జిల్లాలో రెండు నేలలు, రెండు అదునులు. కాగితం మీద అందరికీ ఒకే లెక్క వేస్తే కుదరదని ఇక్కడ తిరిగినవాళ్లకే అర్థమవుతుంది.

సర్కారుకు కూడా ఒక పంటల కాలెండర్ ఉంది. అదే ఫసలీ. ఫసల్ అంటే పంట. అక్బర్ కాలంలో శిస్తు వసూలు కోసం పుట్టిన ఈ సంవత్సరం మన దగ్గర జులైలో మారుతుంది. నేటికీ మన రెవెన్యూ రికార్డుల్లో పహాణీ, అడంగల్ పక్కన కనిపించే ఫసలీ నంబర్ అదే.

ఒక ఏడు కరువు, మరో ఏడు వరద

మన్రో వచ్చిన మూడేళ్లకే రుతువు గాడి తప్పింది. 1803లో వానలు ముఖం చాటేశాయి, కరువు వచ్చింది. ఆ మరుసటి ఏడు 1804లో కుండపోత కురిసి చెరువులు, కాలువలు తెగిపోయాయి. ఎండితే ఒక కష్టం, తడిస్తే ఇంకో కష్టం. చెరువు తెగిందంటే ఆ ఏడాది పంట ఒక్కటే పోదు. మరమ్మతు అయ్యేదాకా ఊరికి నీళ్లుండవు.

1802లో ఆయన దత్త మండలాల్లో పొలాల కొలత మొదలుపెట్టించారు. నేల రకాన్ని బట్టి శిస్తు కట్టి, మధ్యలో జమీందారు లేకుండా రైతుతోనే నేరుగా లెక్క తేల్చుకోవాలన్నది ఆయన పద్ధతి. దాన్నే రైత్వారీ అంటారు. ఏటా జమాబందీలో ఆ ఏడు సాగు చూసి లెక్క ఖరారు చేస్తారు.

ఈ కథకు రెండో వైపు కూడా ఉంది. పాళెగాళ్లను అణచివేసి కంపెనీ ఖజానాకు రాబడి పెంచింది మన్రోయే. తొలి ఏళ్లలో శిస్తు భారీగానే ఉండేది, అదీ నగదులో కట్టాలి. వాన తప్పిన ఏడు రైతు అప్పుల పాలయ్యేవాడు. ఆ బరువు ఎక్కువని చివరికి మన్రోకే తెలిసొచ్చింది. 1807 ఆగస్టులో పదవి వదిలే ముందు, శిస్తును అన్ని భూముల మీద 25 శాతం తగ్గించాలని, నీటి పారుదల ఉన్న భూములకు ఇంకో 8 శాతం తగ్గించాలని పైవారికి సిఫార్సు చేశారు. వారు ఒప్పుకోలేదు. ఊళ్లకు ఊళ్లనే గుత్తకు ఇచ్చారు. ఆ పద్ధతి ఊళ్లను గుల్ల చేసింది. 1820లో మన్రో మద్రాసు గవర్నర్‌గా తిరిగి వచ్చాకే, తగ్గించిన రేట్లతో రైత్వారీ మళ్లీ నిలబడింది.

జనం ఆయన్ను మరిచిపోలేదు. మాండవ్య రుషి అంశ అని చెప్పుకున్నారు. దత్త మండలాల్లో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న ఇళ్లూ ఉన్నాయి.

చివరి పర్యటన

1827 నాటికి ఆయనకు 66 ఏళ్లు. రాజీనామా పంపి, కొత్త గవర్నర్ రాక కోసం ఎదురుచూస్తున్నారు. భార్య జేన్ అప్పటికే అనారోగ్యంతో ఉన్న చిన్న కొడుకును తీసుకుని స్వదేశం చేరారు. ఆయన కూడా ఓడ ఎక్కేస్తే సరిపోయేది. కానీ వెళ్లే ముందు దత్త మండలాలను ఒక్కసారి చూడాలనుకున్నారు. మే నెలాఖరులో, రోళ్లు పగిలే రోహిణి ఎండల్లో మద్రాసు నుంచి బయల్దేరారు.

ఈ ప్రయాణం చుట్టూ కడప జిల్లాలో ఒక కథ అల్లుకుంది. వేంపల్లె దగ్గర పాపాఘ్ని నది కొండలను చీల్చుకుని వచ్చే చోట గండి ఆంజనేయస్వామి గుడి ఉంది. ఆ కనుమకు అడ్డంగా మన్రోకు బంగారు తోరణం కనిపించిందని, పక్కనున్నవారికి కనిపించలేదని, అది కనిపించినవారు ఎక్కువ రోజులు బతకరని చెప్పుకుంటారు. ఇది జనం నోటి మాట.

జులై మొదటి వారానికి బృందం గుత్తి ప్రాంతానికి చేరింది. ఆరుద్ర దాటి పునర్వసు కార్తె నడుస్తోంది. అప్పటికే కూడా ఉన్న సిపాయిల్లో కలరా కనిపించింది. అయినా ప్రయాణం ఆగలేదు. 6వ తేదీ పొద్దున పత్తికొండ మకాంలో మన్రోకే వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. రోగం అంటుకుంటుందేమోనని, దగ్గరున్నవారిని గుడారం నుంచి వెళ్లిపొమ్మన్నారు. రాత్రి తొమ్మిదిన్నరకు ప్రాణం పోయింది. మరునాడు గుత్తిలో ఖననం చేశారు. 1831లో అస్థికలను మద్రాసు సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు.

పొద్దున లేచి తిరిగిన మనిషి రాత్రికి లేరు. కలరా తీరే అంత. ఒంట్లో నీరు, ఉప్పు గంటల్లో బయటకు పోతాయి.

తొలకరిలోనే ఎందుకు?

1817లో బెంగాల్‌లో విజృంభించిన కలరా మరుసటి ఏడుకే మద్రాసు రాష్ట్రంలోకి పాకింది. దాన్నే మన పల్లెలు గత్తర అన్నాయి. పొలిమేరలో మారెమ్మకు, పెద్దమ్మకు మొక్కుకున్నాయి. అప్పటి వైద్యులకూ కారణం తెలియదు. చెడు గాలి వల్ల వస్తుందని నమ్మేవారు. నీళ్లు పోయి నీరసించిన మనిషి నుంచి రక్తం కూడా తీసేవారు.

అసలు సంగతి నీళ్లలో ఉంది. ఎండాకాలం ముగిసేసరికి బావులు, చెరువులు అడుగంటుతాయి. ఉన్న కాస్త నీటినే మనుషులు, పశువులు అందరూ వాడతారు. అప్పుడు పడే మొదటి వాన బయటి మలాన్ని, చెత్తను కడిగి తెచ్చి ఆ నీటిలో కలుపుతుంది. దానికి తోడు వందల మంది ఒకే చోట మకాం వేస్తే, ఒకరి రోగం పది మందికి చేరడం ఎంతసేపు? మన్రో బృందం తిరిగింది సరిగ్గా ఆ రోజుల్లోనే.

లండన్‌లో జాన్ స్నో అనే వైద్యుడు ఒక వీధి పంపు నీటికీ కలరాకూ ఉన్న లంకెను 1854లో తేల్చారు. అప్పటికి మన్రో పోయి 27 ఏళ్లు. రాబర్ట్ కాక్ 1884లో కలకత్తాలో ఆ క్రిమిని రోగుల్లోనూ, చెరువు నీటిలోనూ గుర్తించారు. ఇక ఉప్పు, చక్కెర కలిపిన నీరు తాగించి వేల ప్రాణాలు నిలబెట్టవచ్చని 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో చూపించింది మన దేశపు వైద్యుడు దిలీప్ మహలనబిస్. గవర్నర్ గుడారంలో దొరకని మందు ఇప్పుడు ఓఆర్ఎస్ ప్యాకెట్ రూపంలో ప్రతి పల్లె ఆరోగ్య కేంద్రంలో ఉంది.

మనం గుర్తుంచుకోవాల్సింది

మన్రో గుర్తుగా చెన్నైలో గుర్రం మీద విగ్రహం నిలిచింది. ఆయన పోయిన పత్తికొండలో సర్కారు తోపు వేయించి, మెట్ల బావి కట్టించింది. నీటి వల్ల వచ్చే రోగంతో పోయిన మనిషికి నీటితోనే జ్ఞాపకం ఏర్పడింది.

రెండు వందల ఏళ్లు గడిచినా జూన్, జులై మలుపు మారలేదు. దువ్వూరు పొలాలకు ఇప్పుడు కేసీ కెనాల్ నీరు వస్తోంది. ఇళ్లకు కుళాయిలు వచ్చాయి. అయినా తొలి వానలకు వాంతులు, విరేచనాల కేసులు పెరుగుతూనే ఉంటాయి. అందుకే మృగశిర రాకముందే ఊరి ట్యాంకు కడిగించాలి, క్లోరిన్ కలపాలి. మురుగు కాలువలో మునిగిన పైపులు సరిచేయాలి. కొత్త నీళ్లు వచ్చిన వారం కాచి చల్లార్చి తాగాలి. విరేచనాలు మొదలైతే ఆసుపత్రికి వెళ్లే దారిలోనే ఓఆర్ఎస్ తాగించాలి, చంటిబిడ్డకు పాలు ఆపకూడదు.

విత్తనానికి అదును చూసినట్టే నీళ్లకూ అదును చూడాలి. మొదటిది మన్రో ఈ సీమ రైతుల దగ్గర నేర్చుకున్నారు. రెండోది ఆయన కాలంలో ఎవరికీ తెలియదు. మనకు తెలుసు.