రసాయనవేత్త జకరియ్యా రాజీ

రసాయన శాస్త్రమున ప్రవేశించు విద్యార్థి తొలుత నేర్చుకొనునది శుద్ధ పదార్థమునకును మిశ్రమమునకును గల భేదము. పాదరసము మూలకము. అది క్లోరినుతో కూడి ఏర్పడు మెర్క్యురిక్ క్లోరైడు సంయోగ పదార్థము. ఆ రెండును శుద్ధ పదార్థములే. అట్టివానిని కొవ్వుతో నూరి చేసిన లేపనము మిశ్రమము. ఈ భేదము పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న మాత్రమే కాదు. రోగి ప్రాణమునకు సంబంధించినది. ఆ సంగతిని పదునొకండు శతాబ్దముల క్రిందటనే గుర్తించిన ఒక మహనీయుని జీవితమును మేమిచ్చట స్మరింపదలచితిమి.

అబూ బక్ర్ ముహమ్మద్ బిన్ జకరియ్యా రాజీ సుమారు క్రీ.శ. 865లో, నేటి టెహ్రాను చెంతనున్న రయ్ నగరమున జన్మించెను. ఊరి పేరే ఆయనకు రాజీ యను పేరు తెచ్చినది. యూరపు వారాయనను రేజెస్ అని పిలిచిరి. ఆయన రయ్ నగరమునను, బాగ్దాదునను ఆసుపత్రుల కధిపతిగా పనిచేసెను.

రసవాదులు తమ విద్యను సంకేతముల మాటున దాచుకొను కాలమది. రాజీ తన 'కితాబుల్ అస్రార్' గ్రంథమున పదార్థములను జంతు, వృక్ష, ఖనిజ సంబంధములుగా విభజించెను. ఖనిజములను మరల వేడికి ఎగిరిపోవునవి, లోహములు, రాళ్లు, తుత్తములు, వెలిగారములు, లవణములు అని ఆరు తరగతులు చేసెను. కొలిమి, మూస, బట్టీ మొదలగు పరికరములను, స్వేదనము, ఉత్పతనము, భస్మీకరణము వంటి ప్రక్రియలను విశదముగా వర్ణించెను. హీనలోహములను బంగారముగా మార్చవచ్చునని ఆయనయు నమ్మెను. ఆ నమ్మకము నిలువలేదు. పదార్థములను వేరుచేయు పద్ధతులు నిలిచినవి.

పాదరసమును గూర్చి ఆయన చేసిన పరిశీలన గమనింపదగినది. ఒక కోతికి పాదరసమును త్రాగించి చూచి, అది కడుపునొప్పి తప్ప వేరు బాధ పొందినట్లు కనబడలేదని వ్రాసెను. ఉత్పతనముచే తయారైన పాదరస లవణము మాత్రము ప్రాణాంతకమని హెచ్చరించెను. ఒకే లోహము సంయోగ భేదముచే వేరు గుణమును పొందునని ఇందువలన మనకు తెలియును. లోహపాదరసపు ఆవిరి సైతము విషమని నేడు మన మెరుగుదుము. కావున ఆ కోతి కథను విని ఎవరును పాదరసముతో ఆటలాడరాదు.

ఔషధ యోగముల విషయమున ఆయన మార్గము స్పష్టము. ఆహారముచే కుదురు వ్యాధికి మందు వలదనియు, ఒంటి మందు చాలినచోట పలు మందుల కూర్పు వలదనియు బోధించెను. అనేక ద్రవ్యములు కలిసిన యోగమున మేలు దేనివలన కలిగెనో, కీడు దేనివలన కలిగెనో తెలియుట దుర్లభము. పది ద్రవ్యముల టానిక్కును చూచి మురియు మనకిది నేటికిని వర్తించును.

మశూచిని, తట్టును వేర్వేరు వ్యాధులుగా విడదీసి ఆయన ప్రత్యేక గ్రంథము రచించెను. వైద్యుడు అందుబాటున లేని పేదలకై వేరొక పుస్తకము వ్రాసెను. ఆయన వ్రాతల సంకలనమైన 'అల్ హావీ' 1279లో సిసిలీ వైద్యుడు ఫరజ్ బిన్ సాలించే లాటినులోనికి పరివర్తితమయ్యెను. ఆ మహాగ్రంథపు అరబ్బీ మూలము 1955 నుండి మన హైదరాబాదునందలి దాయిరతుల్ మఆరిఫ్ వారిచే ఇరువదికి మించిన సంపుటములుగా అచ్చయినదని చెప్పుట మనకు గర్వకారణము.

మతతాత్త్విక విషయములలో రాజీ అభిప్రాయములను పలువురు పండితులు ఖండించిరి. అట్లు అంగీకరింపని అల్ బిరూనీయే ఆయన రచనల పట్టికను శ్రద్ధతో కూర్చెను. భేదాభిప్రాయము విద్యాగౌరవమునకు అడ్డు రారాదని మనమిందుండి నేర్వవలయును.

అవసానమున కంటిచూపు కోల్పోయి, సుమారు 925లో ఆయన రయ్ నగరముననే కన్నుమూసెను. ప్రయోగశాలలో సీసాపై చీటీ చదువక ద్రవ్యమును తీయబోవు విద్యార్థి ఒక్క క్షణమాగి ఆ హకీమును తలచుకొనిన చాలునని మా ఆశ.